భుజం పట్టేసి ఐదు నెలలు, 12 సిట్టింగులు అయ్యాయి, చేయి ఇంకా లేవడం లేదు

కుట్టుమిషన్_కాకినాడ:

అందరికీ నమస్కారం. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, 22 ఏళ్ళుగా ఇదే పని. వయసు 47. షుగర్ ఉంది, ఆరేళ్ళుగా బిళ్ళలు వాడుతున్నాను.

శ్రావణ మాసానికి ముందు ఎడమ భుజంలో సన్నగా నొప్పి మొదలైంది. పెళ్ళిళ్ళ సీజన్ కదా, మిషన్ మీద వంగి కూర్చోవడం వల్లే అనుకుని పట్టించుకోలేదు. దసరా నాటికి జడ వేసుకోలేని పరిస్థితి. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళే ముందు నాకు జడ వేసి వెళ్తోంది. వెనక హుక్కులున్న నా జాకెట్లన్నీ విప్పి ముందు హుక్కులకి మార్చుకున్నాను. ఊరందరికీ కొత్త మోడళ్ళు, నాకు మాత్రం మా అమ్మమ్మ మోడల్! రాత్రి నిద్రలో ఎడమ పక్కకి ఒత్తిగిలితే చాలు, మెలకువ వచ్చేస్తుంది.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి ఎముకలు బాగానే ఉన్నాయి, ఇది ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. ఫిజియోథెరపీకి పంపారు. అక్కడ వేడి సంచిని తువ్వాలులో చుట్టి 15 నిమిషాలు పెడతారు. తర్వాత నాలుగు ప్యాడ్లు అతికించి కరెంటు. చీమలు పాకినట్టు ఉంటుంది, హాయిగా ఉంటుంది, ఒకసారి కునుకు కూడా పట్టింది. చివర్లో ఐదు నిమిషాలు చేయి పట్టుకుని పైకి లేపుతారు, అక్కడ మాత్రం ప్రాణం పోతుంది. సిట్టింగుకి 350. అంటే ఒక లైనింగ్ జాకెట్ కుట్టుకూలి. 12 జాకెట్లు అలా పోయాయి. నొప్పి కాస్త తగ్గింది, చేయి మాత్రం లేవడం లేదు.

ఇంకో పది సిట్టింగులు కరెంటు పెట్టించుకోమంటారా? మా వీధిలో ఒకాయన నూనె రాసి లాగేవాడి దగ్గరికి తీసుకెళ్తా, మూడే మూడు సార్లు అంటున్నాడు. డాక్టరేమో భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాట ఎత్తారు, షుగర్ పెరుగుతుందేమోనని టెన్షన్. సంక్రాంతి జాకెట్లు 40 దాకా పేరుకుపోయాయి. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

గోదారి_గట్టు:

మా పిన్నికి ఇలాగే వచ్చింది. ఏమీ చేయలేదు, రెండేళ్ళకి దానంతట అదే పోయింది. డబ్బులు దండగ, వదిలేయండి.

స్టీరింగ్_బాబాయ్:

చెల్లెమ్మా, ముందు ఆ నూనె మనిషి సంగతి. వెళ్ళకు. నేను వెళ్ళాను కాబట్టి చెబుతున్నా.

బస్సు డ్రైవరుగా 26 ఏళ్ళు చేశాను, సగం సర్వీసు పవర్ స్టీరింగ్ లేని బండ్ల మీదే. రిటైరైన ఏడాదికి కుడి భుజం పట్టేసింది. అన్నేళ్ళు స్టీరింగ్ తిప్పినప్పుడు రాలేదు, ఖాళీగా కూర్చున్నాక వచ్చింది, చూడు విడ్డూరం. నాకూ షుగరే. నేను వెళ్ళిన మనిషి నూనె రాసి, మోకాలు నా చంకలో పెట్టి ఒక్క లాగు లాగాడు. టప్పుమని శబ్దం వచ్చింది. "చూశారా, వదిలింది" అన్నాడు. వదిలింది నా ప్రాణమే. ఆ రాత్రంతా కూర్చునే ఉన్నాను, పది రోజులు నీళ్ళ చెంబు కూడా ఎత్తలేదు.

తర్వాత దొరికిన ఫిజియో అమ్మాయి మొదటి రోజే ఒక మాట అంది: "ఇక్కడ నా చేతిలో ఉండేది అరగంట, మిగతా ఇరవై మూడున్నర గంటలు మీ చేతిలో ఉంటాయి." మా పెరట్లో పాత బావి గిలక ఉంటే దాన్ని తలుపు పై కమ్మీకి కట్టించుకున్నాను. నవారు వేసి రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకోవాలి. మంచి చేయి కిందికి లాగుతుంటే జబ్బు చేయి దానంతట పైకి లేస్తుంది. నొప్పి మొదలయ్యే చోట ఆగి, పది అంకెలు లెక్కపెట్టి, దించాలి. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు, వేడినీళ్ళ స్నానం అయిన వెంటనే. అప్పుడు కండ కాస్త మెత్తబడి ఉంటుంది.

నాకు మొత్తం 14 నెలలు పట్టింది. చేయి పైకి లేవడం ముందే వచ్చింది. అన్నిటికన్నా ఆఖరున వచ్చింది ప్యాంటు వెనక జేబులోంచి పర్సు తీయడం. అప్పటిదాకా పర్సు చొక్కా జేబులోనే. ఆ పర్సు తీసిన రోజు మా ఆవిడకి టీ కొట్టు దగ్గర రెండు బజ్జీలు కొనిపెట్టాను.

ఫిజియో_వరంగల్:

అక్కా, నేను ఫిజియోథెరపిస్టుని. మిమ్మల్ని చూడలేదు కాబట్టి మీరు రాసినదాన్ని బట్టే చెబుతున్నా.

మీ పని భాషలోనే చెప్తాను. జాకెట్ చంక దగ్గర గుడ్డ తక్కువైతే ఏమవుతుంది? చేయి కింద ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, పైకెత్తగానే పట్టేస్తుంది. భుజం కీలు చుట్టూ కూడా ఒక పలచని సంచి ఉంటుంది. దాని అడుగున, చంక వైపు, కొంత వదులు మడత ఉంటుంది, చేయి ఎత్తడానికి అదే పనికొస్తుంది. ఈ జబ్బులో ఆ సంచి వాచి, దళసరెక్కి, ఆ మడత ముడుచుకుపోతుంది. ఎక్స్‌రేలో కనిపించదు, ఎందుకంటే ఎముకకి ఏమీ కాలేదు. కరెంటు, వేడి నొప్పిని తగ్గిస్తాయి. ముడుచుకున్న సంచిని మాత్రం అవి సాగదీయవు. నొప్పి తగ్గిన ఆ గంటలో వ్యాయామం చేస్తేనే వాటికి అర్థం. మీకు నొప్పి తగ్గి చేయి లేవకపోవడం అందుకే అనిపిస్తోంది. మీకిచ్చిన వ్యాయామాల కాగితం ఎక్కడుందో చెప్పండి?

ఇంట్లో ఒక పరీక్ష చేసుకోండి. మోచేతిని నడుముకి ఆనించి, ముంజేతిని తలుపు తీసినట్టు బయటికి తిప్పండి. తర్వాత మీ అమ్మాయిని మెల్లగా తిప్పమనండి. ఇద్దరికీ ఒకేచోట ఆగిపోతే ఇది పట్టేసిన భుజమే అనడానికి బలం. మీకు తిరగక, అమ్మాయి తిప్పితే తిరిగితే కండరమో, దాని నరమో దెబ్బతిని ఉండొచ్చు, డాక్టరుకి మళ్ళీ చూపించాలి.

పైన పిన్నిగారి మాట పూర్తిగా తప్పు కాదు. చాలామందికి ఒకటి నుంచి మూడేళ్ళలో చాలావరకు తగ్గుతుంది. కానీ కొందరికి బిగువు మిగిలిపోతుంది, షుగర్ ఉన్నవాళ్ళకి ఈ జబ్బు ఎక్కువగానూ వస్తుంది, మొండిగానూ ఉంటుంది. కుట్టుపని చేసే మీరు మూడేళ్ళు ఆగలేరు. మూడు నెలల సగటు చెప్పే షుగర్ పరీక్ష చేయించి చాలా రోజులైతే ఇప్పుడు చేయించండి.

ఇంజెక్షన్ గురించి మరీ భయం వద్దు. రాత్రి నొప్పి ఎక్కువగా ఉండే తొలి దశలో అది బాగా పనికొస్తుంది. షుగర్ కొన్ని రోజులు పెరుగుతుంది, నిజమే. డాక్టరుకి ముందే చెప్పి ఆ వారం రోజూ చూసుకుంటే సరిపోతుంది. గోడ మీద వేళ్ళతో పైకి పాకడం, ముందుకి వంగి చేతిని గడియారం లోలకంలా ఊపడం, బాబాయి గారి గిలక, ఇవి చాలు. చేసిన రాత్రి నొప్పి పెరిగితే మర్నాడు సగం చేయండి. వేడి సంచి పెట్టేటప్పుడు ముందుగా కుడి చేత్తో తాకి చూడండి. షుగర్‌లో స్పర్శ మందగిస్తే కాలినా తెలియదు.

ఇంకో మాట, ఎడమ భుజం కాబట్టి అడుగుతున్నా. మెట్లెక్కినప్పుడు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఏమైనా ఉన్నాయా? ఉంటే ఫిజియో తర్వాత, ముందు ఈసీజీ.

కుట్టుమిషన్_కాకినాడ:

ఛాతీలో ఏమీ లేదమ్మా, మొన్ననే ఈసీజీ తీశారు. కాగితం మిషన్ సొరుగులో బాబిన్ల కింద దొరికింది. దొంగని పట్టేశావు. నిజం చెప్పాలంటే నాలుగు రోజులు చేసి మానేశాను, కరెంటు పెడుతున్నారు కదా అని.

నువ్వన్న పరీక్ష మా అమ్మాయితో చేయించాను. నాకు ఎక్కడ ఆగిందో దానికీ అక్కడే ఆగింది. చంక పోలిక మాత్రం సూటిగా తగిలింది. మా దగ్గరైతే చంకలో చిన్న ముక్క వేసేస్తాం, పది నిమిషాల పని.

స్టీరింగ్ అన్నయ్య గారూ, మాకు బావి లేదు, గిలక హార్డ్‌వేర్ షాపులో 80 రూపాయలకి తెప్పించాను. నా టేపుతో గోడ మీద కొలిచాను. కుడి చేయి నేల నుంచి 75 అంగుళాలు అందుతోంది, ఎడమది 56. సుద్దతో గీత గీసి తేదీ వేశాను. లాగే ఆయనకి సంక్రాంతి అయ్యాక చూద్దాంలే అని చెప్పి పంపేశాం.

స్టీరింగ్_బాబాయ్:

సంక్రాంతి అయ్యాక కూడా వద్దు.

కుట్టుమిషన్_కాకినాడ: *(మూడు వారాల తర్వాత)*

58న్నర. ఇంజెక్షన్ చేయించుకున్నా, నాలుగు రోజులు షుగర్ 260 దాకా వెళ్ళి దిగింది. ఇప్పుడు రాత్రి నిద్ర పడుతోంది. ఫిజియోకి వారానికి ఒక్కసారే వెళ్తున్నా, కరెంటు వద్దని చెప్పి ఆ సమయం కూడా చేయి లేపించుకుంటున్నా. జడ ఇంకా అమ్మాయే వేస్తోంది. 40 జాకెట్లలో ఏడు మిగిలాయి, వాటికోసం జనం గుమ్మంలో నిలబడి ఉన్నారు, ఉంటా.