‘సెట్’ అనే ఒక్క మాటకు వందల అర్థాలు: మూలార్థం చెప్పి నేర్పాలా, వాడుకలను విడివిడిగా నేర్పాలా?

కొర్లగుంట ట్యూటర్ (తిరుపతి):
ఉద్యోగ పరీక్షలకు సిద్ధమవుతున్నవారికి నేను తిరుపతిలో ఆంగ్లం చెబుతాను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది తెలుగు మాధ్యమంలో చదివి, పల్లెల నుంచి వచ్చి, నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్నవారు. వారిని తికమకపెట్టేవి నోరు తిరగని పెద్ద మాటలు కావు. వాటికి ఒకటో రెండో అర్థాలుంటాయి, రాసుకుని గుర్తుపెట్టుకుంటారు. చిక్కంతా ‘సెట్’, ‘రన్’, ‘టేక్’, ‘గెట్’ వంటి చిన్న మాటలతోనే వస్తోంది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికన్నా పొడవైన ఆరోపం, అంటే ఒక మాట కింద ఇచ్చే పద్దు, ‘సెట్’ అనే క్రియదే: 430 అర్థాలు, దాదాపు 60,000 మాటల వివరణ. ఆ నిఘంటువును సవరించే పనిలో ‘రన్’ అనే క్రియ 645 అర్థాలతో దాన్ని దాటిపోయిందని 2011లో పత్రికలు రాశాయి.

ఇన్ని అర్థాలను ఎవరూ కంఠతా పట్టలేరు కనుక నేను ఒక మూలార్థం దగ్గర మొదలుపెడతాను. ‘సిట్’ అంటే కూర్చోవడం, ‘సెట్’ అంటే కూర్చోబెట్టడం. పాత ఆంగ్లంలోనే ‘సిట్టన్’, ‘సెట్టన్’ అనే జంట ఉంది. ‘లై–లే’, ‘రైజ్–రెయిజ్’, ‘ఫాల్–ఫెల్’ కూడా ఇదే వరస. పడు–పడగొట్టు, తిను–తినిపించు అని రోజూ పలికే మన పిల్లలకు ఈ పద్ధతి కొత్తది కాదు. గడియారం ముల్లును సరైన చోట నిలపడం, ఉంగరంలో రాయిని కూర్చోబెట్టడం, పరీక్షకు ప్రశ్నపత్రం తయారుచేసి పెట్టడం, అన్నీ అక్కడి నుంచే వచ్చాయని చెబితే వారి ముఖాల్లో వెలుగు కనిపిస్తుంది. తోటి ఉపాధ్యాయులు మాత్రం ఇది పరీక్షకు పనికిరాని పాండిత్యమని అంటున్నారు. ఇక్కడివారి అభిప్రాయం తెలుసుకోవాలని రాస్తున్నాను.

పలమనేరు పంతులు:
ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో చాలాకాలం ఆంగ్లం చెప్పి విరమించినవాడిని. మీ తోటివారి మాటే నాకు సబబుగా తోస్తున్నది. ‘సెట్ ఆఫ్’ అనే జంటమాటనే తీసుకోండి. యాత్రికులు అలిపిరి నుంచి ‘సెట్ ఆఫ్’ అయ్యారంటే బయలుదేరారని అర్థం. పిల్లలు టపాసులను ‘సెట్ ఆఫ్’ చేశారంటే కాల్చారని అర్థం. పచ్చ అంచు ఎర్ర చీర రంగును ‘సెట్ ఆఫ్’ చేస్తుందంటే దాన్ని ఎత్తిచూపుతుందని అర్థం. కూర్చోబెట్టడంలో నుంచి బయలుదేరడం, పేలడం, రంగు ఎత్తిచూపడం ఎలా పుట్టాయో మీరు గంటసేపు అందంగా చెప్పగలరు, పిల్లలు తలలూపుతారు. ఆ మరునాడు ‘సెట్ ఇన్’ అనే కొత్త జంట ఎదురైతే, నిన్నటి పాఠం వారికి ఒక్క అడుగు కూడా సాయం చేయదు. చలి, చీము, నిరాశ వంటి మంచివి కానివి మొదలై పాతుకుపోతే ‘సెట్ ఇన్’ అంటారని విడిగా చెప్పి తీరాలి. అర్థం ముందే తెలిసినవాడికి మాత్రమే మూలంతో ఉన్న చుట్టరికం కనిపిస్తుంది.

నిఘంటువుల పాఠకుడు (తిరుపతి):
ఇద్దరూ ‘సెట్’ ఒకే మాట అనుకుని వాదిస్తున్నారు. అది పూర్తిగా నిజం కాదు కనుక మధ్యలో వస్తున్నాను. కూర్చోబెట్టడం, నిలపడం అనే క్రియ పాత ఆంగ్లపు ‘సెట్టన్’ నుంచి వచ్చిందన్నది సరే. సమూహం అనే అర్థమున్న ‘సెట్’ నామవాచకం పుట్టుక వేరు. అది పాత ఫ్రెంచిలోని ‘సెత్’ ద్వారా, లాటిన్ ‘సెక్తా’ నుంచి వచ్చింది. ‘సెక్తా’ అంటే ఒకరిని అనుసరించేవారి వర్గం. మతశాఖ అనే అర్థంలో వాడే ‘సెక్ట్’ కూడా దాని సంతానమే. ఈ రెండు మాటలూ ఆంగ్లంలో ఒకే రూపం తాల్చాయి. ఒకచోట అమర్చిన వస్తువుల గుంపు అనే భావం మధ్యవర్తిగా నిలవడంతో జనం వాటిని ఒకటిగానే చూడసాగారు. మనకూ తాగే పాలు, పంచుకునే పాలు ఒకే రూపంలో ఉన్నాయి. ఒకదాని అర్థం నుంచి మరొకదాన్ని రాబట్టాలని ఎవరూ ప్రయత్నించరు.

అందువల్ల నగల సెట్టు, గణితంలో మనం సమితి అనే ‘సెట్’, రెండు మూడు కలిపి వడ్డిస్తారు కనుక ఆ పేరు వచ్చిన సెట్ దోశ, ఇవన్నీ కూర్చోబెట్టడం కిందికి రావు. ట్యూటర్‌గారికి అనుకూలమైన సంగతి కూడా ఒకటి చెప్పాలి. ‘సన్‌సెట్’ ఆయన వైపే మొగ్గుతుంది. పాత ఆంగ్లంలో ‘సెట్ల్’ అంటే పీట. పొద్దు గూకడాన్ని ‘సెట్ల్‌గంగ్’, అంటే పీట దగ్గరకు పోవడం, అనేవారు.

సైటు ఇంజనీరు (రేణిగుంట రోడ్డు):
నాకు భాషాశాస్త్రం రాదు కానీ, రోజుకు పదిసార్లు ఈ మాట వింటాను. మా పనిలో సిమెంటు ‘సెట్’ అవుతుంది. దాన్ని ఎవరూ ఎక్కడా కూర్చోబెట్టరు. నీళ్ళు కలిపిన సిమెంటు ముద్దలో మెత్తదనం పోయే దశను సెట్టింగ్ అంటారు. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు భారతీయ ప్రమాణం ప్రకారం ఇది 30 నిమిషాల లోపు మొదలు కాకూడదు, 600 నిమిషాలు దాటకుండా ముగియాలి. మరీ తొందరగా బిగుసుకోకుండా తయారీలోనే జిప్సం కలుపుతారు. ఆ తరువాత రోజుల తరబడి నీళ్ళు పట్టగా బలం పెరుగుతుంది, దాన్ని హార్డెనింగ్ అంటారు. ఈ రెంటికీ తేడా తెలియక, స్లాబు పోసిన మరునాడు ‘సెట్ అయింది కదా సార్, చెక్కలు తీసేద్దామా’ అని అడిగే ఇంటి యజమానులు ఉంటారు. బిగుసుకున్న స్లాబు బరువు మోయలేదని వారికి అర్థమయ్యేలా చెప్పడం నా ఉద్యోగంలో కష్టమైన భాగం.

పెరుగు తోడుకోవడం, జెల్లీ గడ్డకట్టడం కూడా ఆంగ్లంలో ‘సెట్’ కావడమే. ఈ గుంపును ట్యూటర్‌గారు ఎక్కడ పెడతారు?

పుత్తూరు తోటలవాడు:
ఇంజనీరుగారు ‘గడ్డకట్టడం’ అనగానే నాకు తట్టిన సంగతి రాస్తున్నాను. మా ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. ఎముక విరిగినవారికి దాన్ని సరిచేసి, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు బద్దలతో కట్టు కడతారు. ఇటువంటి వైద్యుణ్ణి ఆంగ్లంలో ‘బోన్ సెట్టర్’ అంటారు. మామిడి విషయానికి వస్తే, ఉద్యానశాఖ పుస్తకాల్లో ‘ఫ్రూట్ సెట్’ అని ఉండేదాన్ని మేము పిందె కట్టడం అంటాము. చెట్టు నిండా పూత కనిపించినంత మాత్రాన కాయ నిలుస్తుందని కాదు. మామిడి పూగుత్తిలో మగపూలు చాలా ఉంటాయి, వాటికి పిందె రాదు. మిగిలిన వాటిలోనూ తేనెమంచు పురుగు, పొగమంచు పోగా పిందె కట్టేవి కొన్నే, కాయగా నిలిచేవి ఇంకా కొన్నే.

ఎముక కట్టు, పిందె కట్టడం, గడ్డకట్టడం: మూడుచోట్లా వారికి ‘సెట్’, మనకు ‘కట్టు’. ట్యూటర్‌గారి ప్రశ్నపత్రం పెట్టడం, అంగడి పెట్టడం, నిప్పు పెట్టడం చూస్తే, అక్కడ వారికి ‘సెట్’, మనకు ‘పెట్టు’. ఎముక కట్టులో కట్టేది వైద్యుడు, పిందె మాత్రం తానే కడుతుంది. ఆ తేడా పండితులు చూసుకోవాలి. పిల్లలకు ‘సిట్టన్’, ‘సెట్టన్’ చెప్పడం కన్నా మన ‘పెట్టు’, ‘కట్టు’ చూపించడం సులువని నాకు అనిపిస్తుంది.

కొర్లగుంట ట్యూటర్:
తోటలవాడుగారి సూచన తరగతికి నేరుగా పనికి వస్తుంది. నిలపడం, బిగుసుకోవడం, గుంపు అని మూడు కుప్పలు చేస్తాను. మొదటిదానికి ‘పెట్టు’, రెండోదానికి ‘కట్టు’, మూడోదానికి ‘సమితి’ తోడుగా ఉంటాయి. మూలార్థం అనవసరమని పంతులుగారు అన్నదానికి ఇదే నా జవాబు. అన్నం పెట్టు, పేరు పెట్టు, దండం పెట్టు, బొట్టు పెట్టు, మనసు పెట్టు, ఖర్చు పెట్టు అని మన పిల్లలు ఏ నిఘంటువూ తెరవకుండానే వాడుతున్నారు. ఒక్క క్రియ ఇన్ని పనులు చేయగలదన్న అనుభవం వారికి పుట్టుకతోనే ఉంది. దాన్ని ఆసరాగా చేసుకుంటే ‘సెట్’ అంటే భయం పోతుంది.

పలమనేరు పంతులు:
మీరు ఇచ్చిన ఉదాహరణలే నా వాదానికి సాక్ష్యం. దండం పెట్టడంలో ఏది ఎక్కడ పెడుతున్నామని ఏ పిల్లవాడూ ఆలోచించలేదు; ఆ మాటను ‘దండం’తో కలిపి అవ్వాతాతల నోట విన్నాడు, అట్లాగే పలికాడు. ‘పెట్టు’కు మూలార్థం చెప్పి వాడికి తెలుగు నేర్పినవారు ఎవరూ లేరు. ఆంగ్లం కూడా అట్లాగే, పక్కమాటతో కలిపి వాక్యాల్లో వినిపించమనే నేను అడుగుతున్నాను.

చిత్తూరు న్యాయవాది:
‘పెట్టు’ను ఆసరాగా తీసుకోవడంలో ఉన్న ప్రమాదం మా వృత్తిలో బాగా తెలుస్తుంది. ప్రతివాది హాజరు కానందున ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఒక పక్షాన్నే విని ఇచ్చిన తీర్పు, వస్తే, దాన్ని ‘సెట్ అసైడ్’ చేయమని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9, రూల్ 13 కింద దరఖాస్తు వేస్తాము. అంటే ఆ డిక్రీ చెల్లకుండా రద్దు చేయమని. పత్రికలు దీన్ని ‘పక్కన పెట్టారు’ అని రాస్తాయి. ఆ మాట విన్న కక్షిదారు ‘పక్కన పెట్టారంటే మళ్ళీ ఎప్పుడు తీస్తారు సార్?’ అని అడుగుతాడు. ఫైలు బీరువాలో భద్రంగా ఉందని ఆయన నమ్మకం. రద్దయిందని చెప్పి నమ్మించడానికి చాలాసేపు పడుతుంది. పిల్లల చదువుకు కొంత డబ్బు ‘సెట్ అసైడ్’ చేశామన్నప్పుడు మాత్రం నిజంగానే తీసి పెట్టడం. జంటమాట ఒకటే, ఒకచోట భద్రపరచడం, మరోచోట లేకుండా చేయడం.

పంతులుగారి ‘సెట్ ఆఫ్’కు నాలుగోది కూడా చేర్చుకోవచ్చు. డబ్బు కోసం వేసిన దావాలో, వాది కూడా తనకు ఇంత బాకీ ఉన్నాడని ప్రతివాది చెప్పి, ఆ మొత్తాన్ని మినహాయించమని కోరడాన్ని అదే కోడ్ ఆర్డర్ 8, రూల్ 6లో ‘సెట్ ఆఫ్’ అంటారు. నా మట్టుకు, ట్యూటర్‌గారి కుప్పలు అర్థం తెలిశాక సర్దుకోవడానికి మంచివే. అర్థాన్ని ఊహించడానికి వాటిని వాడితే మోసం చేస్తాయి.

గ్రూప్స్ అభ్యర్థి (తిరుపతి):
అందరికీ నమస్కారం. చదువుకునేవాడిగా ఒక మాట చెప్పనివ్వండి. మాకు ఆంగ్లపు ‘సెట్’ కన్నా ముందే తెలుగులో కలిసిపోయిన ‘సెట్’ అలవాటైంది. సంబంధం సెట్ అయింది, ఆ ఉద్యోగం నాకు సెట్ కాలేదు, వాళ్ళిద్దరికీ సెట్ కాదు అంటాము. కుదరడం, నప్పడం, పొసగడం అన్నిటికీ అదే. నమూనా ఇంటర్వ్యూలో నా మిత్రుడొకడు ఇదే వాక్యాన్ని ఆంగ్లంలోకి ఉన్నదున్నట్టు దించేశాడు, ఎదుటివారికి అర్థం కాలేదు. అక్కడ ‘సూట్’ అనాలట. ఇక ఈఏపీసెట్, ఐసెట్, ఎడ్‌సెట్ అని ప్రవేశ పరీక్షల పేర్ల చివర వచ్చేది అసలు ఈ మాటే కాదని, కామన్ ఎంట్రన్స్ టెస్ట్ అనే మూడు మాటల మొదటి అక్షరాలని నాకు ఇంటర్ అయ్యేదాకా తెలియదు. తెలుగు లిపిలో రాస్తే తేడా కనిపించదు కదా.

నిఘంటువుల పాఠకుడు:
తమ్ముడు చెప్పిన తెలుగు ‘సెట్’ను తప్పు అనలేము. మన భాషలోకి వచ్చాక అది మన మాటే, దాని అర్థాలు మన ఇష్టం. మనం ఇచ్చిన అర్థాన్ని తిరిగి ఆంగ్లంలోకి తీసుకుపోయినప్పుడే పేచీ. ట్యూటర్‌గారి కుప్పల్లో దీన్ని నాలుగోదిగా, ‘ఆంగ్లంలో చెల్లనిది’ అని గుర్తు వేసి ఉంచడం మంచిది.

కొర్లగుంట ట్యూటర్:
నాలుగో కుప్పను తప్పకుండా చేరుస్తాను. న్యాయవాదిగారి ఉదాహరణ బలమైనదే అయినా, దాని వల్ల నా పద్ధతి కూలిపోతుందని ఒప్పుకోలేను. చదివేదే పరాయి భాష. మా పిల్లలకు ఇంట్లో ఆ మాటలు వినిపించే అవ్వాతాతలు లేరు, పరీక్షకు ఉన్నది కొద్ది నెలల గడువు. వినికిడి మీద ఆధారపడే తీరిక లేనివారికి వర్గీకరణ ఒక్కటే దారి. వచ్చే వారం ఆంగ్ల పత్రికల నుంచి ‘సెట్’ ఉన్న పన్నెండు వాక్యాలు తీసి, కుప్పలు చేయమని ఇస్తాను.

పలమనేరు పంతులు:
మంచిది. అయితే తరగతిని రెండుగా చేసి, సగం మందికి మీ కుప్పల పాఠం చెప్పండి, మిగతా సగానికి అదే సమయంలో ఒక్కో జంటమాటకు నాలుగేసి వాక్యాలు చదివి వినిపించండి. ఆ పన్నెండింటిలో ‘సెట్ ఆఫ్’ వాక్యాలు కనీసం మూడు ఉండాలి. క్రియాకాలం కూడా అడగండి. ‘సెట్’కు భూతకాలంలోనూ రూపం మారదు కనుక ‘దే సెట్ ద టేబుల్’ అన్నది నిన్నటి పనో రోజువారీ పనో పక్క వాక్యం చూస్తే తప్ప తెలియదు, పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది అక్కడే. ఎవరికి ఎన్ని సరిపోయాయో ఇక్కడే రాయండి, నా సగానికి తక్కువ వచ్చినా సరే రాయండి.