బ్లూ పీరియడ్ చూశాక ఎంపీసీలో మనసు నిలవట్లేదు, బీఎఫ్ఏకి (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీకి) ఎట్లా తయారవ్వాలి?

హన్మకొండ_పెన్సిల్:

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. పొద్దున ఆరింటికి బయల్దేరితే స్టడీ అవర్స్ అయ్యి ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. దసరా సెలవుల్లో నెట్‌ఫ్లిక్స్‌లో బ్లూ పీరియడ్ చూశాను. త్సుబాసా యమగుచి మాంగా (జపాన్ కామిక్) ఆధారంగా 2021లో వచ్చిన యానిమే (జపాన్ కార్టూన్ సిరీస్), 12 ఎపిసోడ్లు.

అందులో హీరో యతోరా, స్కూలు పిల్లాడు. మార్కులు బాగానే వస్తాయి. రాత్రంతా దోస్తులతో టోక్యోలోని షిబుయాలో తిరుగుతాడు. కానీ దేని మీదా ఇష్టం ఉండదు. స్కూల్లో ఒక సీనియర్ అమ్మాయి వేసిన పెయింటింగ్ ముందు ఆగిపోతాడు. తెల్లవారే షిబుయా తనకి నీలంగా కనిపిస్తుంది కాబట్టి నీలంగానే వేస్తాడు. అది చూసి దోస్తులు ఏ చోటో గుర్తుపట్టగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. నేనూ పెట్టుకున్నాను, పక్కనే చెల్లి ఉందని దుప్పటి కప్పుకున్నాను.

నేను చిన్నప్పటి నుంచి కోటలో తోరణం, రుద్రేశ్వరాలయంలో స్తంభాలు వేస్తూనే ఉన్నా. చూసినవాళ్ళంతా "నీకు దేవుడిచ్చిన టాలెంటు" అంటారు. ఆ మాటంటే నాకు చిరాకు. యానిమేలో కూడా ఎవరికీ ఊరికే రాలేదు కదా. యతోరా సాయంత్రాలు కోచింగ్‌కి పోయి, బొమ్మ మీద బొమ్మ వేస్తాడు. ఇక్కడ ఎంసెట్ (ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు) కోచింగులు గల్లీకి రెండున్నాయి గానీ బొమ్మలకి ఒక్కటీ కనబడలేదు.

బాపు ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో గుమస్తా. ఒకసారి కదిలిస్తే "బొమ్మలేస్తే బువ్వొస్తదా?" అన్నాడు. ఇంక నోరు తెరవలేదు. ఎట్లా తయారవ్వాలి, బాపుకి ఎట్లా చెప్పాలి?

మాసాబ్‌ట్యాంక్_అక్క:

తమ్మీ, మాది కరీంనగర్. నేను హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో) పెయింటింగ్ చేశాను. బీఎఫ్ఏ నాలుగేళ్ళు. ఇంటర్ ఏ గ్రూపైనా పనికొస్తుంది, కాబట్టి ఎంపీసీ మధ్యలో వదిలేస్తానని మాత్రం అనకు. ఎంట్రెన్స్ వేరే ఉంటుంది, ఎఫ్ఏడీఈఈ (ఫైన్ ఆర్ట్స్ అండ్ డిజైన్ ఎంట్రెన్స్ ఎగ్జామినేషన్) అంటారు. నోటిఫికేషన్ వచ్చిన రోజే సిలబస్ పూర్తిగా చదువు.

ఒక్క మాట కఠినంగా చెప్తా, ఏమనుకోకు. తోరణం వేయడం ఆపు. చేతికి అలవాటైపోయింది, నువ్వు చూడకుండానే వేసేస్తున్నావు. ఇంట్లో ఇత్తడి చెంబు ఉంటే కిటికీ పక్కన పెట్టు. కళ్ళు సగం మూసి చూస్తే ఎక్కడ బాగా నల్లగా ఉందో, ఎక్కడ తెల్లగా మెరుస్తోందో తేలుతుంది. పెన్సిల్ పట్టుకుని చేయి పూర్తిగా చాపి, చెంబు ఎత్తులో మెడ ఎన్నో వంతో కొలువు. చెంబు కింద నేల రంగు, పక్క గోడ రంగు దాని మీద పడతాయి. అది పట్టుకున్న రోజు నీకే తెలుస్తుంది. తర్వాత ఉల్లిగడ్డ, తర్వాత మడత పడ్డ తువ్వాల. రంగులు ఇప్పుడే కొనకు, డబ్బు దండుగ.

యానిమేలో ఎంట్రెన్స్ మొదటి పరీక్షకి వాళ్ళవాళ్ళ ముఖమే గీయమంటారు, యతోరా అద్దం పగులుతుంది. పగిలిన ముక్కల్లో తన ముఖం ఎన్ని రకాలుగా కనిపిస్తే అన్ని రకాలుగా గీస్తాడు. అంత ఆలోచన ఆ క్షణానికి రావాలంటే చేయి ముందే తయారై ఉండాలి.

కాజీపేట_బ్రష్:

నేను బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చాక దుకాణాల పని పోయింది. ఇప్పుడు స్కూలు గోడల మీద బొమ్మలు, ఎలక్షన్లప్పుడు వాల్ రైటింగ్. మీ బాపు అన్నదాంట్లో తప్పేం లేదు బాబూ. ఆ యానిమే మా బిడ్డ చూస్తుంటే నేనూ కొంత చూశా. ఆ పిల్లాడు టోక్యోలోని గేదాయ్ ఆర్ట్ యూనివర్సిటీకే ఎందుకు పట్టుబడతాడు? అది గవర్నమెంటుది, ప్రైవేటు ఆర్ట్ కాలేజీల ఫీజు ఇంట్లో కట్టలేరు. అంటే వాళ్ళక్కడా బువ్వ లెక్క ఉంది.

అందుకే ఫీజు ఎంత, హాస్టల్ ఎంత, నాలుగేళ్ళ తర్వాత అప్లయిడ్ ఆర్ట్ (ప్రకటనల డిజైన్ లాంటివి) చేస్తే ఏ పని, యానిమేషన్ చేస్తే ఏ పని, కాగితం మీద రాసుకుని బాపు ముందు కూర్చో. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గవర్నమెంటు పరీక్షలు కూడా రాసి పెట్టుకో. డ్రాయింగ్ టీచర్ అవ్వాలంటే ఆ సర్టిఫికెట్లు అక్కరకొస్తాయి. వేములవాడ దగ్గర బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గారి బొమ్మలు చూపించు. మన ఆడోళ్ళు, మన బొట్టు, మన చీరలే కదా ఆయన వేసింది!

మాసాబ్‌ట్యాంక్_అక్క:

అన్న చెప్పింది కరెక్టే. ఇంకొకటి, యతోరా వాళ్ళమ్మని ఎట్లా ఒప్పించాడో గుర్తుందా? ఇంటి పనిలో ఆమె చేతులెట్లా మొరటుబారాయో గమనించి, ఆమె బొమ్మే గీసి చూపిస్తాడు.

హన్మకొండ_పెన్సిల్:

అక్కా, అది చేశాను. అన్నా, లెక్కలు కూడా రాసుకున్నా. బాపు పద్దులు రాస్తుంటే గోడ పక్క నుంచి గీశాను. మిర్చి సీజన్‌లో ఆయన వేళ్ళ సందుల్లో ఆ ఎరుపు సబ్బుకి పోదు, అది పెన్సిల్‌తో ఎట్లా చూపించాలో తెలియక అక్కడ నల్లగా రుద్దేశాను. చాలాసేపు చూసి "నా ముక్కు గింత లావుంటదా?" అన్నాడు. తర్వాత లెక్కల కాగితం అడిగి తీసుకున్నాడు. హాస్టల్ ఖర్చు దగ్గర పెన్నుతో గీత పెట్టి, "మీ మామ హైదరాబాద్‌లనే ఉన్నడు కదా" అన్నాడు. ఒప్పుకున్నట్టా?

కాజీపేట_బ్రష్:

సగం ఒప్పుకున్నట్టే. ఎంసెట్ కూడా రాస్తానని నువ్వే ముందు చెప్పు, మిగతా సగం దిగుతాడు. ఆ వేళ్ళ దగ్గర రుద్దకు, పెన్సిల్ సన్నగా చెక్కి గీతలు దగ్గర దగ్గరగా వేయి. ఆదివారం పొద్దున కోట గ్రౌండ్ దగ్గరికి రా, కొన్ని నేను చూపిస్తా. చెంబు కూడా తెచ్చుకో.