థైరాయిడ్ మాత్ర, గుండె దడ, లేవగానే కళ్లు తిరగడం: అన్నీ ఒకటేనా?

పటమట, విజయవాడ:
ఇంట్లో పెద్దావిడకి 62 ఏళ్లు, బరువు 54 కిలోలు. హైపోథైరాయిడ్‌కి (థైరాయిడ్ గ్రంథి తక్కువగా పనిచేయడం) థైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోను మాత్ర 100 మైక్రోగ్రాములు వాడేవారు, మూడు వారాల కిందట 125 చేశారు. ఇప్పుడు గుండె దడ, చేతుల వణుకు. మంచం మీంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని నడిపే హార్మోను, మాత్ర ఎక్కువైతే ఇది తగ్గుతుంది) 0.2. మాత్ర ఎక్కువైందా, నరాల సమస్యా, ఎండదెబ్బా? డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ఏమేం చూసి రాసుకోవాలి?

బ్రాడీపేట, గుంటూరు:
కిలోకి 1.6 మైక్రోగ్రాముల చొప్పున వేస్తే 54 కిలోలకి 86 వస్తుందండీ. ముందు మాత్రనే అనుమానించాలి. గుండెని పరుగెత్తించే అడ్రినలిన్ ఒంట్లో పెరిగిపోయిందనుకుంటారు గానీ, అది మామూలుగానే ఉంటుంది. థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే గుండె కండరంలో అడ్రినలిన్‌ని అందుకునే బీటా రిసెప్టర్లు పెరుగుతాయి, ఉన్న అడ్రినలిన్‌కే గుండె ఎగిరిపడుతుంది. దానికి కళ్లెం వేసే వేగస్ నరం పట్టూ సడలుతుంది. అందుకే నిద్రలో కూడా నాడి పెద్దగా దిగదు. కంగారు వల్ల వచ్చే దడైతే నిద్రపట్టగానే దిగుతుంది.

ఆవిడ గాఢనిద్రలో ఉండగా మణికట్టు పట్టుకుని నిండు నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే లయ తప్పేది దొరకదు. 90 దగ్గర్లో ఉంటే రాసుకోండి. లయ తప్పుతుంటే మాత్రం అదే రోజు ఈసీజీ తీయించాలి, ఈ వయసులో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) రావచ్చు.

గవర్నర్‌పేట, ల్యాబ్:
జుట్టు రాలుతోందని బయోటిన్ (ఒక బి విటమిన్) బిళ్లలేమైనా వేస్తున్నారా? కొన్ని రక్తపరీక్ష కిట్లలో అది టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికంటే తక్కువ, టీ4ని (థైరాక్సిన్) ఎక్కువ చూపిస్తుంది. రెండ్రోజులు ఆపి మళ్లీ రక్తం ఇవ్వండి. డోసు మార్చాక ఆరు వారాలకి గానీ టీఎస్‌హెచ్ కుదురుకోదు. మూడు వారాలకే 0.2 నిజమైతే ఇంకా దిగే అవకాశమే ఎక్కువ.

అరండల్‌పేట, గుంటూరు:
కళ్లు తిరగడాన్ని దడతో కలిపెయ్యకండి. ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి బీపీ, నాడి చూడండి. లేపి నిలబెట్టి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడండి. పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే లేచినప్పుడు బీపీ నిలవడం లేదన్నమాట. హార్మోను ఎక్కువైతే రక్తనాళాలు వదులవుతాయి, చెమటలూ ఎక్కువే. దానికి తోడు బెజవాడ ఎండలు. బీపీకి నీరు పోయే మాత్ర వాడుతుంటే అదీ చెప్పండి.

పటమట, విజయవాడ:
బయోటిన్ లేదండీ. దడకి ప్రొప్రనలాల్ (గుండె వేగం తగ్గించే మాత్ర) ఇంట్లో ఉంది, వెయ్యొచ్చా? ఆవిడకి ఆస్తమా పంపు ఉంది.

బ్రాడీపేట, గుంటూరు:
వద్దే వద్దు. ఆస్తమా ఉంటే అది ఊపిరితిత్తుల గొట్టాల్ని బిగించేస్తుంది. రేపే డాక్టరుకి ఫోన్ చేసి డోసు సంగతి అడగండి. థైరాక్సిన్ సగం పోవడానికే వారం పడుతుంది, తగ్గించినా దడ మర్నాటికి ఆగదు. ఛాతీలో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే ఫోన్లు కాదు, 108.