అప్‌డేట్: కుక్క చెవిలో పిడుదులు, బాబు మోకాలి వెనక ఒకటి

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. కుక్క చెవిలోవీ, బాబు మోకాలి వెనక పట్టుకున్నదీ ఎలా తీయాలని అడిగాను కదా, అన్నీ వచ్చేశాయి. కిరోసిన్ పోయమని, అగరుబత్తితో కాల్చమని కొందరన్నారు కానీ దయచేసి ఎవరూ ఆ పని చేయకండి, అలా చేస్తే పిడుదు తన లాలాజలాన్ని ఇంకా లోపలికి వదిలే ప్రమాదం ఉంది, రోగాలు అంటుకునేది దాంతోనే. సన్నమొన ట్వీజర్‌తో చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టుకుని, తిప్పకుండా, నిదానంగా నేరుగా పైకి లాగాలి. తర్వాత సబ్బుతో కడిగి స్పిరిట్ రాశాం. తీసినవాటిని వేళ్లతో నలపకుండా స్పిరిట్‌లో వేశాం. బాబుకి కొన్ని వారాల్లోపు జ్వరం గానీ దద్దుర్లు గానీ వస్తే పిడుదు కుట్టిందని డాక్టర్‌కి తప్పక చెప్పాలి. కుక్క తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా వెటర్నరీ డాక్టర్ దగ్గరికే. గోడ పగుళ్లు కూడా చూడండి, ఇవి వేలల్లో గుడ్లు పెట్టేది అక్కడే.