లోపలి పొరలు చూపించే హైఫూ మెషీన్ కొనాలా, చూపించనిది చాలా?

కొత్త_క్లినిక్:
నమస్కారం. నేను చర్మవైద్యురాలిని, సొంత క్లినిక్. లేజర్, పీల్స్ బాగానే నడుస్తున్నాయి. దవడ దగ్గర జారిన చర్మం, వదులైన మెడ గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ (హైఫూ) మెషీన్, అంటే ధ్వని కిరణాలని చర్మం లోపల ఒకచోట కలిపి వేడి పుట్టించేది, ఒకటి తీసుకుందామని చూస్తున్నా. చివరికి రెండు మిగిలాయి. ఒకటి అల్థెరపీ: షాట్ వేసేముందు చర్మం లోపలి పొరలు స్క్రీన్ మీద కనిపిస్తాయి, కానీ ట్రాన్స్‌డ్యూసర్ల (కిరణాలు పుట్టించే, వాడాక మార్చాల్సిన ముక్కల) ఖర్చు ఎక్కువ. రెండోది అల్ట్రాఫార్మర్ 3: లోపల ఏముందో చూపించదు, కానీ రకరకాల లోతులకి అలాంటి ముక్కలే, అంటే కార్ట్రిడ్జ్‌లు, ఉన్నాయి, పని త్వరగా అయిపోతుంది. ఆ స్క్రీన్ నిజంగా పనికొస్తుందా, లేక సేల్స్‌వాళ్లు చెప్పుకోవడానికేనా? చేతులతో చేసినవాళ్లు చెప్పండి.

నొప్పి_లేదమ్మా:
మేడమ్, నేను స్క్రీన్ లేనిదానితోనే చేస్తున్నాను. అనాటమీ వచ్చినవాళ్లకి ఎక్కడ 4.5 మి.మీ. వాడాలో, ఎక్కడ 3 కి తగ్గాలో, కంటి చుట్టూ 1.5 దాటకూడదని తెలుసు. స్క్రీన్ చూసుకుంటూ ఒక ముఖం చేసే టైములో, అది లేకుండా రెండు ముఖాలు అయిపోతాయి. రోజూ వాడని ఫీచర్ కోసం జీవితాంతం ఖర్చు మోయడం ఎందుకండీ?

పొరపొర:
పైన చెప్పినదానితో ఒప్పుకోను. కార్ట్రిడ్జ్ మీద 4.5 అని రాసి ఉంటే కిరణాలు కలిసే చోటు అంత లోతులో ఉందని మాత్రమే అర్థం. ఆ లోతులో ఏ పొర ఉందో కార్ట్రిడ్జ్‌కి తెలియదు కదా. ఫేస్‌లిఫ్ట్‌లో సర్జన్ బిగించే స్మాస్ పొర సుమారు అంత లోతులో ఉంటుందని ఈ కొలత వచ్చింది. కానీ నిండు చెంపల మనిషిలో 4.5 దగ్గర ఇంకా కొవ్వే ఉండొచ్చు. బక్కపలచని ముఖంలో, నుదుటి మీద అయితే అది ఎముక దాకా పోతుంది. ఎముకకి తగిలితే నొప్పి, పేషెంటు కుర్చీలో ఎగిరిపడతారు.

కిరణాలు కలిసిన చోట వేడి 60–70 డిగ్రీల సెల్సియస్‌కి చేరుతుంది. అక్కడ ఒక మిల్లీమీటరు లోపు చుక్క గడ్డకడుతుంది, కొల్లాజెన్ ముడుచుకుంటుంది, తర్వాతి నెలల్లో కొత్తది పుడుతుంది. ఆ చుక్క స్మాస్‌లో పడితే బిగుతు. కొవ్వులో పడితే బిగుతు రాకపోగా కొవ్వు కరిగి చెంప గుంట పడొచ్చు. సన్నటి ముఖాలవాళ్లు "చేయించుకున్నాక పెద్దదానిలా కనిపిస్తున్నా" అనే ఫిర్యాదుకి చాలాసార్లు కారణం ఇదే.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. స్క్రీన్ ఉంటే హ్యాండ్‌పీస్ చర్మానికి సరిగ్గా ఆనిందో లేదో కనిపిస్తుంది. జెల్‌లో గాలి బుడగ ఉన్నా, దవడ అంచు మీద ఒక కొస లేచినా శక్తి లోపలికి పోక పైచర్మం కాలుతుంది. బొమ్మలో నల్ల నీడ కనబడగానే ఆపొచ్చు. నా వరకు స్క్రీన్‌కి అసలు విలువ ఇదే, పొరలు చూడటం తర్వాతి సంగతి.

బయోమెడ్_బాబాయ్:
డాక్టర్లు కొట్టుకునేది స్క్రీన్ గురించి. నేను మెషీన్లు విప్పేవాణ్ణి, నా బాధ వేరు.

కార్ట్రిడ్జ్ లోపల ఉండేది పైజో పలక, కరెంటుని ధ్వని తరంగాలుగా మార్చేది అదే. వాడేకొద్దీ దాని బలం తగ్గుతుంది, కానీ మెషీన్ మీద కనిపించే జూల్స్ (శక్తి) అంకె మారదు. మీరు 1 జూల్ అని పెడితే బయటికి వచ్చేది 1 జూలేనా? కంపెనీని రెండు అడగండి. కార్ట్రిడ్జ్ అవుట్‌పుట్ ఫ్యాక్టరీలో ఎలా కొలుస్తారు, ఆ కాగితం ఇస్తారా? అధిక తీవ్రత చికిత్సా అల్ట్రాసౌండ్ పరికరాలకి ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ పరికరాల ప్రమాణాల సంస్థ) 60601-2-62 అని విడిగా ప్రమాణం ఉంది, దాని టెస్ట్ రిపోర్టు ఉందా? ఫిజియోథెరపీ అల్ట్రాసౌండ్‌ది 60601-2-5. అది చూపించి సరిపెట్టేవాళ్లని బయటికి పంపేయండి.

డెమోలో అక్రిలిక్ ముక్క మీద షాట్ వేసి తెల్ల చుక్కలు చూపిస్తారు. వేడి పుట్టిందని అది చెబుతుంది. ముఖంలో ఎంత లోతులో ఎంత పడుతుందో చెప్పదు. ఇక షాట్లు అయిపోయిన కార్ట్రిడ్జ్ చిప్‌ని రీసెట్ చేసి తక్కువ ధరకి అమ్మేవాళ్లు ఉన్నారు. పలక అరిగిపోయి ఉంటుంది, కౌంటర్ మాత్రం కొత్తగా నిండుగా చూపిస్తుంది. అలాంటిది ముట్టుకోవద్దు.

నొప్పి_లేదమ్మా:
బాబాయ్ మాటకి ఎదురు లేదు. పొరపొర గారికి మాత్రం ఒక ప్రశ్న. స్క్రీన్‌లో నరాలు కనిపిస్తాయా? దవడ అంచు దాటే, కింది పెదవిని కదిలించే మార్జినల్ మాండిబ్యులర్ నరానికి వేడి తగిలి పెదవి ఒక పక్కకి లాగడం స్క్రీన్ ఉన్న మెషీన్లతోనూ జరిగింది. చాలావరకు వారాల్లో సర్దుకుంటుంది, కానీ అన్నాళ్లూ పేషెంటుకి టెన్షన్, మనకి అంతకంటే ఎక్కువ. దాన్ని తప్పించేది అనాటమీయే. కొవ్వు మందం చూడాలంటే విడిగా స్కానింగ్‌కి వాడే హై ఫ్రీక్వెన్సీ లీనియర్ ప్రోబ్ పెట్టి ముందే కొలిచి, ముఖం మీద గీతలు గీసుకోవచ్చు.

పొరపొర:
నరాల మాట నిజమే, స్క్రీన్ నరాన్ని నమ్మకంగా చూపించదు. విడి ప్రోబ్‌తో కొలవడం మంచి పద్ధతే, మీరు ప్రతి పేషెంటుకీ చేస్తున్నారా మరి? చేస్తుంటే స్క్రీన్ లేని మెషీన్ మీద నా అభ్యంతరం సగం పోయినట్టే. జెల్ సంగతి మాత్రం అలాగే ఉంటుంది.

కొత్త_క్లినిక్:
నా దగ్గరికి వచ్చేవాళ్లలో చామనఛాయ, నల్లటి చర్మం వాళ్లే ఎక్కువ. లేజర్‌తో పడిన తిప్పలు చాలు. ఇందులో మచ్చల భయం ఎంత? సోఫ్‌వేవ్ కూడా చూడమని ఒకరన్నారు.

పొరపొర:
మెలనిన్ కాంతిని పీల్చుకున్నట్టు అల్ట్రాసౌండ్‌ని పీల్చుకోదు, ఆ విషయంలో లేజర్ కంటే నయం. కానీ పైచర్మం కాలితే మాత్రం నల్ల చర్మంలో మచ్చ నెలల తరబడి ఉంటుంది. 1.5 కార్ట్రిడ్జ్‌తో ఒకే గీత మీద మళ్లీ మళ్లీ వేయకండి. సోఫ్‌వేవ్ ఫోకస్డ్ కాదు. ఏడు సమాంతర కిరణాలతో 1.5 మి.మీ. దగ్గర డెర్మిస్‌ని (పైచర్మం కింది పొరని) వేడి చేస్తుంది, పైన చల్లబరుస్తుంది. 2019లో ముఖం ముడతలకి ఎఫ్‌డీఏ (అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ) క్లియరెన్స్ వచ్చింది. కొవ్వు కరుగుతుందన్న భయం తక్కువ, కానీ స్మాస్ దాకా పోదు. మీ పేషెంట్లలో సన్నటి ముఖాలు, పైపై ముడతలు ఎక్కువైతే తప్పక చూడండి.

అన్నట్టు ఎఫ్‌డీఏ క్లియరెన్స్ ఉందా అని కాదు, దేనికి ఉంది అని అడగాలి. అల్థెరపీకి 2009లో కనుబొమ్మ లేపడానికి మాత్రమే వచ్చింది. గడ్డం కింద, మెడకి 2012లో, ఛాతీ పైభాగం ముడతలకి 2014లో. ఒక భాగానికి వచ్చినదాన్ని ఒళ్లంతటికీ వచ్చినట్టు బ్రోషర్లలో వేసేవాళ్లకి కొదవ లేదు.

కత్తి_పట్టినవాడు:
ప్లాస్టిక్ సర్జన్‌ని. మెడ చర్మం చేతితో పట్టుకుంటే మడతలుగా వచ్చేవాళ్లకి రెండు మెషీన్లూ దండగే. వాళ్లని మాకు పంపండి. ఇలాంటి కేసులకి హైఫూ చేసి, మూడు నెలలు ఆగమని చెప్పి, ఆ తర్వాత కోపంతో ఉన్న పేషెంట్లని నా దగ్గరికి పంపిస్తున్నారు.

నొప్పి_లేదమ్మా:
సార్ చెప్పింది నూటికి నూరుపాళ్లు. అందుకే మొదటి రోజే మూడు వైపుల నుంచి, ఒకే లైటు కింద ఫొటోలు తీయండి. ఫలితం మెల్లగా వస్తుంది, పాత ముఖం ఎవరికీ గుర్తుండదు.

కొత్త_క్లినిక్:
థాంక్యూ అండీ. చికిత్స నేనొక్కదాన్నే చేయను, కొన్నాళ్లకి నా కింద ట్రైనింగ్‌లో ఉన్న జూనియర్ డాక్టర్ చేతికి కూడా ఇవ్వాలి. అలాంటప్పుడు జెల్ నీడ కనిపించే మెషీనే మేలనిపిస్తోంది. అయినా రెండు కంపెనీలవాళ్లనీ డెమోకి పిలుస్తున్నా. ఒక సన్న ముఖం, ఒక నిండు ముఖం, రెంటి మీదా చేసి చూపించమంటాను.

బయోమెడ్_బాబాయ్:
డెమోకి తెచ్చిన కార్ట్రిడ్జ్ సీరియల్ నంబరు, మిగిలిన షాట్ల లెక్క ఫొటో తీసిపెట్టుకోండి. కొన్నాక మీకు వచ్చేది అదే కార్ట్రిడ్జ్ కాకూడదు.

కొత్త_క్లినిక్:
బాబాయ్ గారూ, ఇది నాకు తట్టనే లేదు. తప్పకుండా తీస్తాను.