సైన్స్ ఫిక్షన్‌లో వైకల్యాన్ని ఎప్పుడూ నయం చెయ్యాల్సిందేనా?

మర్రిగూడ బిడ్డ:
మొన్న ఆదివారం ఇంట్ల అందరం కూసోని ‘అవతార్’ (2009) మళ్ళ చూసినం. హీరో జేక్ సల్లీ చక్రాల కుర్చీల తిరిగే మాజీ సైనికుడు. ఆ లోకంల వెన్నెముక బాగుచేసే వైద్యం ఉంటది గని, ఆయనకొచ్చే పైసలకు అందది. చెప్పిన పని చేస్తే నీ కాళ్ళు నీకు ఇప్పిస్త అని కర్నల్ ఆశ పెడ్తడు. ఆఖరుకు జేక్ పాత ఒంటినే ఇడిసిపెట్టి కొత్త ఒంట్లకు పోతడు.

మా పెద్దమ్మ గుడ చూసింది. ఆమెకు ఫ్లోరోసిస్, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగి ఎముకలు గట్టిపడి వంగే జబ్బు. మెడ తిరగది, పక్కకు చూడాలంటే మనిషే మొత్తం తిరగాలె. ఛాయ్ తాగితే గ్లాసు అడుగున గుక్కెడు మిగులుతది, మెడ ఎనక్కి వాల్చలేదు కాబట్టి. సినిమా అంతా చూసి ఒకటే అడిగింది: “ఆ కుర్చీ బురదల గుడ పోతదా బిడ్డా?”

నా మాట ఇది. వైకల్యం కనవడంగనే ఈ కథలకు ఒంటిని మార్చాలనే తోస్తది. మా నల్లగొండ దిక్కు ఒంటిని వంచింది నీళ్ళు. రాళ్ళల్లున్న ఫ్లోరైడ్ బోరు నీళ్ళల్ల కరిగింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. ఎముక గట్టిపడి వంగినంక దాన్ని మళ్ళ మునుపటి లెక్క చేసే మందు లేదు. మా తర్వాత పుట్టిన పిల్లల ఎముకలు కాపాడింది ఏ ఇనుప చెయ్యో కాదు, కృష్ణ నీళ్ళు తెచ్చిన పైపు. ఆ పైపు మీద కథ ఎందుకు రాయరు?

పాలమూరు బీటెక్:
అన్నా, నీ కోపం అర్థమైంది. కని నొప్పిని పక్కన పెట్టినవ్. మెడ తిరగాల్నా వద్దా అని పెద్దమ్మను అడిగినవా? నొప్పి పోవాలనుకునుడు తప్పెట్ల అయితది? నయమయ్యే కథలన్నీ మనల్ని తక్కువ చేస్తయనుడు, నొప్పి లేనోళ్ళు చెప్పే మాట లెక్కనే ఉన్నది.

ఇంకోటి. ‘స్టార్ వార్స్’ వరుసల 1980ల వచ్చిన సినిమాల హీరో లూక్‌కు తెగిన చేతి జాగల కృత్రిమ చెయ్యి పెడ్తరు. సూదితో గుచ్చి చూస్తే వేళ్ళు ఉలిక్కిపడ్తయి. అమెరికాల నిజంగ తయారైన ఒక కృత్రిమ చేతికి ఆయన పేరే పెట్టిండ్రు, 2014ల అక్కడి ప్రభుత్వ అనుమతి గుడ వచ్చింది. ముందుగాల కథల కలగన్నరు కాబట్టే పుట్టింది గద.

జడ్చర్ల టీచర్:
నాకు పుట్టుకతోనే చూపు లేదు. తమ్ముడు అన్న నొప్పి సంగతి నిజమే. కానీ అన్ని వైకల్యాలనూ ఒకే గాటన కట్టొద్దు. ఫ్లోరోసిస్ నొప్పి. నా చూపులేమి నొప్పి కాదు. “మీరు చీకట్లో ఎట్లా బతుకుతున్నారు మేడం” అని అడుగుతుంటారు. చీకటి ఎట్లుంటుందో కూడా నాకు తెలియదు, ఉన్నది ఇదే.

హెచ్.జి. వెల్స్ 1904లో ‘కంట్రీ ఆఫ్ ది బ్లైండ్’ అనే కథ రాశాడు. చూపున్న ఒకడు కొండల మధ్య లోయలో పడతాడు. అక్కడ తరతరాలుగా ఎవరికీ చూపు లేదు. ఇళ్ళకు కిటికీలు ఉండవు. ఏ దారి ఏదో తెలిసేటట్టు దారుల అంచు రాళ్ళకు వేర్వేరు గాట్లు పెట్టుకున్నారు. పని రాత్రి చల్లపూట, నిద్ర పగటిపూట. రాజునైపోతాననుకున్న ఆ మనిషి అక్కడ చేతగానివాడు అవుతాడు. చివరికి వాళ్ళ వైద్యుడు, ఈ కళ్ళనే జబ్బులు తీసేస్తే కుదురుకుంటాడు అంటాడు! ఆ గాట్లు పెట్టిన రాళ్ళ దగ్గర ఆగిపోయాను నేను. అది మా ఊరి బస్టాండులో ఉంటే నాకు ఇంకేం కావాలి?

ఇక కంటి యంత్రాల మాట. ఆర్గస్ 2 అనే పరికరం ఉండేది, కంటిలోపల పెట్టి కొంచెం వెలుతురు ఆకారాలు తెలిసేటట్టు చేసేది. 350 మందికి పైగా పెట్టించుకున్నారు. 2019లో కంపెనీ తయారీ ఆపేసింది. తర్వాత రిపేరుకు దిక్కు లేకుండా పోయింది. మనిషి కంట్లో ఉన్న వస్తువు అది. దాన్ని ఎవరు చూసుకోవాలి అన్నది ఏ కథలో అడిగారు?

నాకు అడ్డం పడేది కన్ను కాదు, ఫోన్. బ్యాంకు యాప్ “రెప్ప కొట్టండి, ఫోటో తీస్తాం” అంటుంది. ఎప్పుడు కొట్టాలో నాకు చెప్పదు. ఇట్లాంటి కేవైసీ, అంటే ఖాతా మనదే అని పోల్చుకునే తనిఖీ మీదే సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చింది, డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని. ఆ తీర్పు నేను రెండుసార్లు విన్నాను.

దేవరకొండ నుంచి ఒక తల్లి:
నేను కథలు ఎక్కువ చదవలే. నా బిడ్డకు చెవుల మిషన్ ఉన్నది, కాక్లియర్. ఆపరేషన్ చేసి లోపల ఒక ముక్క పెడ్తరు, బయట ఒక మిషన్ తగిలిస్తరు. ఆపరేషన్ సర్కారు పథకంల అయింది. సినిమాల స్విచ్ వెయ్యంగనే పిల్ల నవ్వి “అమ్మా” అంటది. మాకు గట్ల కాలే. స్విచ్ వేసిన్నాడు పిల్ల బెదిరి ఏడ్చింది. ఆ చప్పుడు ఏందో తెల్వది గద. రెండేండ్లు తిప్పి తిప్పి మాటలు నేర్పిచ్చినం.

పోయిన వానకాలం బయటి మిషన్ వైరు తెగింది. కొత్తది వచ్చేసరికి మూడు వారాలు. ఆ మూడు వారాలు పిల్ల బడికి పోయింది గని ఏం ఇనలే, పలక మీద పిచ్చి గీతలు గీసుకుంట కూసున్నదట. మిషన్ వద్దని నేను అంట లేను. నా బిడ్డ నన్ను పిలుస్తది, అది చాలు నాకు. కని తెగిన వైరు గురించి గుడ ఎవరన్న రాయాలె సార్.

మర్రిగూడ బిడ్డ:
అక్కా, నీ మాట చదివి చాలాసేపు ఏం రాయబుద్ధి కాలే.

తమ్మీ, పెద్దమ్మను అడిగిన. “మెడ తిరిగితే ఎవరికి చేదు? ముందుగాల ఆ లెట్రిన్‌ల కూసునే కుర్చీ పెట్టియ్యి” అన్నది. నువ్వన్నదాంట్ల సగం నిజం, ఒప్పుకుంటున్న. నొప్పి పోవాలె. ఆ ముక్క నేను ముందే రాయాల్సింది.

కని మిగతా సగం ఇడువను. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్ళల్ల ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఉన్నది. ప్రపంచమంతా దాని పేరు ‘నల్లగొండ టెక్నిక్’. మన జిల్లా పేరు ఆఫ్రికా దాకా పోయింది. అది నడవాలంటే దినాం ఒక మనిషి పటిక కొలిచి పొయ్యాలె, కలపాలె, అడుగున పేరిన మడ్డి తియ్యాలె. ఆ మనిషి రాని దినం మళ్ళ అవే నీళ్ళు. అక్క చెప్పిన వైరు, టీచరమ్మ చెప్పిన కంటి పరికరం, మా పటిక డ్రమ్ము, మూడింటిదీ ఒకటే కథ.

శివన్నగూడెం అంశల స్వామి యాదికున్నడా? ఫ్లోరోసిస్‌తోటి ఒళ్ళు ముడుసుకుపోయిన మనిషి. 2003ల ఢిల్లీకి పోయి ప్రధాని వాజ్‌పేయి ముందు మా నీళ్ళ గోస పెట్టిండు. 2023 జనవరిల పోయిండు. నేను చూసిన కథలల్ల వైకల్యం ఉన్న హీరో తన కాళ్ళ కోసమే కొట్లాడుతడు. ఊరి నీళ్ళ కోసం తిరిగిన స్వామి అసొంటోడు ఏడ ఉన్నడు?

పాలమూరు బీటెక్:
సగం ఒప్పుకున్నవ్, నేను గుడ సగం ఒప్పుకుంట. పెద్దమ్మ బురద గురించి అడిగింది గద. 1968ల జైపూర్‌ల రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ సేఠీ కలిసి కాలు పోయినోళ్ళకు రబ్బరు పాదం తయారు చేసిండ్రు. చెప్పులు లేకుండ పొలంల నడవొచ్చు, గొంతుకు కూసోవచ్చు. మనోళ్ళు ఎట్ల కూసుంటరు, యాడ నడుస్తరు అని చూసి చేసిండ్రు. నాకు ఇప్పుడు గసొంటి కథ రాయబుద్ధి అయితున్నది. పైపులు చూసుకునే పిల్ల ఒకతి, ఆమె మెడ తిరగది. ఊరు దాటి పోయే లైను మొత్తం చేత్తోని తడిమి గుర్తుపడ్తది.

జడ్చర్ల టీచర్:
రాయి తమ్ముడూ. అయితే ఆ పిల్ల మెడ చివరి పేజీలో బాగుచెయ్యకు. రాశాక ఫోటో తీసి పెట్టకు, టైపు చేసి పెట్టు. బొమ్మలో ఉన్న తెలుగును నా ఫోన్ సరిగా చదవదు.