స్క్రీన్‌ప్లే ఫార్మాట్ చేతికి అలవాటవ్వాలంటే ఏం ప్రాక్టీస్ చేయాలి?

కొత్తకలం:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ కథలు రాశాను, ఇప్పుడు షార్ట్ ఫిల్మ్‌కి స్క్రిప్ట్ మొదలుపెట్టాను. రూల్స్ చదివాను: కొరియర్ ఫాంట్ 12 పాయింట్, ఎడమవైపు ఒకటిన్నర అంగుళాల మార్జిన్, పేజీకి సుమారు ఒక నిమిషం. సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. అయినా రాయడానికి కూర్చుంటే టెన్షన్. కొత్త హెడింగ్ (సీన్ పైన చోటు, వేళ చెప్పే లైన్) ఎప్పుడు వేయాలి, మనసులో మాట ఎలా చూపించాలి, ఫోన్ సీన్ ఎలా రాయాలి అని ప్రతి చోటా ఆగిపోతున్నాను. చేతికి పట్టు దొరికే ఎక్సర్‌సైజులు ఏమైనా చెప్తారా? నేను రాసింది ఇలా ఉంది:

"రవి ఇంటికి వస్తాడు. ఉద్యోగం పోయిన సంగతి నాన్నకి చెప్పాలా వద్దా అని మథనపడతాడు. చిన్నప్పటి నుంచీ నాన్నంటే భయం."

క్లాప్‌బోర్డ్:
మార్జిన్ల సంగతి సాఫ్ట్‌వేర్‌కి వదిలేయండి. నేను డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో స్క్రిప్ట్ బ్రేక్‌డౌన్‌లు (ఏ సీన్‌కి ఏమేం కావాలో రాసే జాబితాలు) చేస్తుంటాను. స్క్రిప్ట్ చేతికి రాగానే నేను వెతికేది ఒక్కటే: ఎక్కడ, లోపలా బయటా, పగలా రాత్రా, ఫ్రేమ్‌లో ఎవరున్నారు, వాళ్ల చేతిలో ఏముంది. ఫార్మాట్ పుట్టింది దీనికోసమే. మీ ముక్కలో ఇవేవీ దొరకవు. "మథనపడతాడు" అంటే నటుడు ఏం చేయాలి? కెమెరా ఎక్కడ పెట్టాలి? అదే సీన్ ఇలా చూడండి:

ఇంటీరియర్. రవి ఇల్లు – హాలు – రాత్రి

నాన్న పేపర్ చదువుతున్నాడు. తలుపు తెరుచుకుంటుంది. గుమ్మంలో రవి, మెడలో ఆఫీసు ఐడీ కార్డు. నాన్నని చూసి కార్డు తీసి జేబులో కుక్కుకుంటాడు.

నాన్న
(తల ఎత్తకుండా)
ఏరా, ఇంత లేటైంది?

రవి
ట్రాఫిక్.

భయం అనే మాట ఎక్కడా లేదు, కానీ కార్డు దాచడంలో తెలిసిపోతోంది. ఉద్యోగం పోయిందన్నది ప్రేక్షకుడికి ఇంకా తెలియదు, దానికి ఇంకో సీన్ కావాలి. ఆ సీన్ అవసరమని మీకు తెలిసొచ్చేది కూడా ఇలా రాసినప్పుడే. నా ఉద్దేశంలో మీరు చేయాల్సిన మొదటి ఎక్సర్‌సైజు ఇదే. ఏదైనా కథలోంచి పాత్ర ఆలోచనలు నిండిన పేరా తీసుకోండి. కనబడేది, వినబడేది మాత్రమే మిగిల్చి సీన్‌గా రాయండి. "అనుకున్నాడు", "గుర్తొచ్చింది", "అర్థమైంది" అనే మాటలు వాడకూడదు. మొదట్లో చేయి కట్టేసినట్టు ఉంటుంది, అయినా వదలకండి.

రెండోది, బాగా తెలిసిన సినిమాలో రెండు నిమిషాల ముక్క మళ్లీ చూసి స్క్రిప్ట్‌గా రాయడం. నాలుగు పేజీలొస్తే యాక్షన్ లైన్లు (తెరమీద జరిగేది చెప్పే లైన్లు) బరువెక్కాయని అర్థం. అర పేజీలో ముగిసిపోతే తెరమీద కనిపించింది మీరు రాయలేదు.

హెడింగ్ భయం పోవాలంటే ఒక పాత్రని ఆగకుండా నడిపించండి. హాల్లోంచి వంటగది, అక్కణ్ణుంచి మేడ మెట్లు, డాబా. చోటు మారినా, కాలం మారినా కొత్త హెడింగ్. మెట్లు ఇంట్లోవే కదా అని వదిలేస్తే షూటింగ్ రోజు లైటింగ్ వాళ్లకి ఆ సంగతే తెలియదు.

ఫోన్ సీన్‌ని మూడు రకాలుగా రాయండి: ఒకవైపు మాటలే వినిపిస్తూ, అవతలి గొంతు వి.ఓ.గా (వాయిస్ ఓవర్), రెండు చోట్లనీ మార్చి మార్చి చూపించే ఇంటర్‌కట్‌గా. పక్కగదిలోంచి పిలిచే మనిషికి ఓ.ఎస్. (ఆఫ్ స్క్రీన్), ఫోన్లో వినబడే గొంతుకి వి.ఓ. ఈ తేడా అక్కడే అలవాటవుతుంది.

తెల్లకాగితం:
క్లాప్‌బోర్డ్ గారు చెప్పింది నిజమే, కానీ సాఫ్ట్‌వేర్‌కి పూర్తిగా వదిలేయడం నాకు ఇష్టం ఉండదు. కొన్నాళ్లు ఫౌంటెన్ పద్ధతిలో (మామూలు టెక్స్ట్‌లో చిన్న గుర్తులతో స్క్రిప్ట్ రాసే పద్ధతి) మామూలు నోట్‌ప్యాడ్‌లో రాయమంటాను. ఏది హెడింగ్, ఏది పాత్ర పేరు అన్నది మీరే గుర్తుపెట్టి రాయాలి. తెలుగులో పెద్దక్షరాలు లేవు కాబట్టి హెడింగ్ ముందు చుక్క, పాత్ర పేరు ముందు @ పెట్టండి, లేకపోతే ఫౌంటెన్ చదివే సాఫ్ట్‌వేర్ రెండిటినీ యాక్షన్‌గా చదువుతుంది.

ఇంకో సంగతి. పేజీకి నిమిషం అనే లెక్క కొరియర్‌లో అన్ని అక్షరాలూ ఒకే వెడల్పు ఉండటం మీద ఆధారపడింది. తెలుగు ఫాంట్లలో అక్షరాల వెడల్పు వేరువేరు, వత్తుల వల్ల లైన్ ఎత్తూ పెరుగుతుంది. అందుకే రెండు నిమిషాల ఎక్సర్‌సైజుకి పేజీలు లెక్కపెట్టకండి. స్టాప్‌వాచ్ పెట్టుకుని, యాక్షన్‌కి కూడా టైమ్ ఇస్తూ పైకి చదవండి.

క్లాప్‌బోర్డ్:
స్టాప్‌వాచ్ మాట చాలా మంచిది, నేను చెప్పాల్సింది. దానికి తోడు రాసిన పేజీని ప్రింట్ తీసి రంగు పెన్నులతో గుర్తుపెట్టండి. మనుషులకి ఒక రంగు, వస్తువులకి ఒకటి, శబ్దాలకి ఒకటి. మూడో సీన్లో రవి తాళంచెవి విసిరేస్తే అది అతని చేతికి ఎప్పుడొచ్చిందో ముందు పేజీల్లో కనబడాలి.

కొత్తకలం:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఫోన్ సీన్ మూడోరకం ప్రయత్నించాను, చూడండి:

ఇంటీరియర్. రవి ఇల్లు – గది – రాత్రి

రవి చీకట్లో మంచం మీద కూర్చుని ఫోన్ చెవికి ఆనించి ఉన్నాడు.

ఎక్స్‌టీరియర్. అక్క ఇల్లు – బాల్కనీ

అక్క ఉతికిన బట్టలు ఆరేస్తూ ఫోన్ ఎత్తుతుంది.

ఇంటర్‌కట్ – రవి / అక్క

అక్క
ఏంట్రా ఈ టైమ్‌లో?

రవి
నాన్న పడుకున్నాడు.

క్లాప్‌బోర్డ్:
చాలా మెరుగైంది. రెండు చోట్లూ ముందు చూపించి ఆ తర్వాత ఇంటర్‌కట్ వేశారు, అదే సరైన వరస. బాల్కనీ హెడింగ్‌లో పగలో రాత్రో లేదు. రాత్రే అయితే అక్క ఆ వేళప్పుడు బట్టలు ఆరేయడం కావాలని పెట్టారా? కావాలనే అయితే ఉంచండి, బాగుంది. కాకపోతే ఆమె చేతికి వేరే పని ఇచ్చి మళ్లీ పెట్టండి, చూస్తాను.